డయలర్‌లో *#0*# కొడితే వచ్చే మెనూ గురించి ఫోన్‌తో ఇచ్చే పుస్తకంలో ఒక్క ముక్క కూడా ఎందుకు లేదు?

కొత్తపేట_కుర్రాడు
మా అమ్మ కోసం హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఒక సెకండ్ హ్యాండ్ శాంసంగ్ ఫోన్ బేరమాడుతుంటే, కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి డయలర్ తెరిచి *#0*# కొట్టాడు. కాల్ బటన్ నొక్కకుండానే రెడ్, గ్రీన్, బ్లూ, రిసీవర్, వైబ్రేషన్, సెన్సర్, టచ్, స్పీకర్ అంటూ తెర నిండా బటన్లు వచ్చాయి. అతను వాటిలో కొన్నింటిని గబగబా నొక్కి చూపించి, అంతా బాగుందని ఫోన్ చేతిలో పెట్టాడు. నేను చాలాకాలంగా ఇదే కంపెనీ ఫోన్లు వాడుతున్నాను, కానీ పెట్టెలో వచ్చిన కాగితాల్లో గానీ, సెట్టింగ్స్‌లో గానీ ఈ మెనూ ఊసే లేదు. డబ్బు పెట్టి కొన్నవాడికి చెప్పకుండా వీటిని ఎందుకు దాచిపెడతారు? ఇంకా ఏమేం ఉన్నాయి? వాటిని కదిలిస్తే ఫోన్‌కు ఏమైనా అవుతుందా?

సర్వీస్_మాజీ
కొన్నాళ్లు ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ మెనూ కొనేవాడిని దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. ఫ్యాక్టరీలో ఫోన్ తయారయ్యాక ప్రతి భాగమూ పనిచేస్తోందో లేదో చూడటానికీ, తర్వాత రిపేరుకు వచ్చినప్పుడు లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికీ పెట్టినది. దర్జీ కచ్చాకుట్టు దారం తీయకుండానే చొక్కా ఇచ్చినట్టు, ఆ పరీక్షల మెనూను అలాగే ఉంచి ఫోన్ అమ్ముతారు. తీసేస్తే రేపు సర్వీసు చేసేవాడికి ఇబ్బంది.

రెడ్, గ్రీన్, బ్లూ నొక్కినప్పుడు తెర అంతా ఒకే రంగు వస్తుంది. చచ్చిపోయిన పిక్సెల్ ఉంటే ఆ రంగు మధ్య చుక్కలా కనబడుతుంది. పాత అమోలెడ్ తెర మీద కీబోర్డో, నోటిఫికేషన్ల పట్టీయో నీడలా అచ్చుపడి ఉంటే అది కూడా ఇక్కడే బయటపడుతుంది. టచ్ నొక్కితే తెర అంచుల వెంబడీ, మూల నుంచి మూలకూ చిన్న చిన్న గళ్లు వస్తాయి; వేలితో రుద్దుకుంటూ పోతే ఒక్కో గడీ ఆకుపచ్చగా మారుతుంది, మారకుండా మిగిలిన గడి దగ్గర టచ్ పనిచేయడం లేదని అర్థం. ఆ అబ్బాయి అన్ని గళ్లూ పూర్తి చేశాడా, లేక మధ్యలో రెండు గీతలు గీసి వెనక్కి వచ్చేశాడా? నేను చూసినంతవరకు, తక్కువ రకం డిస్‌ప్లే మార్చిన ఫోన్లలో ముందుగా మొండికేసేవి అంచులే.

సెన్సర్ పేజీలో ఫోన్‌ను అటూ ఇటూ వంచినకొద్దీ యాక్సిలరోమీటర్ అంకెలు మారాలి, చెవి పెట్టుకునే చోట చెయ్యి అడ్డం పెడితే ఫోన్ వణకాలి. అదే పేజీలో ఇమేజ్ టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది. ఏం వస్తుందో నేను చెప్పను, మీరే నొక్కి చూడండి.

చార్జర్_ఏదీ
నొక్కాను. కుక్కపిల్లల బొమ్మ వచ్చింది. ఇంత గంభీరమైన పరీక్షల మధ్య అవి ఏం చేస్తున్నాయి?

సర్వీస్_మాజీ
ఫోన్‌ను తిప్పినప్పుడు బొమ్మ కూడా తిరుగుతోందా లేదా అని చూడటానికి ఏదో ఒక ఫొటో కావాలి కదా. పెట్టిన ఇంజినీరుకు కుక్కలంటే ఇష్టమేమో.

పాత_నోకియా_ప్రేమి
ఈ విద్య కొత్తదేమీ కాదు. పాత నోకియాల్లో *#92702689# కొడితే ఫోన్ ఏ నెలలో తయారైందో, ఎప్పుడు రిపేరైందో చూపించేది. కొన్ని మోడళ్లలో మొత్తం ఎన్ని గంటలు మాట్లాడారో కూడా కనబడేది. కొన్న తేదీని అక్కడ ఒక్కసారే ఎక్కించగలం, ఆ తర్వాత ఎవరూ మార్చలేరు. చాలా మోడళ్లలో ఆ మెనూ నుంచి బయటికి రావాలంటే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయడమే మార్గం. కీప్యాడ్ మీద ఆ అంకెల కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను కలుపుకుంటే వారంటీ అని వస్తుంది, ఒక అక్షరం బదులు సున్నా ఉంటుంది, అంతే తేడా. ఆండ్రాయిడ్‌లో 4636 కింద ఇన్ఫో, సోనీ ఎక్స్‌పీరియాలో 7378423 కింద సర్వీస్ అనే మాటలు ఉండటం కూడా ఇదే వరస. ఇంజినీర్లు తమకు గుర్తుండేలా పెట్టుకున్న తాళంచెవులు ఇవి. మననుంచి దాచాలని అనుకుని ఉంటే ఇంత సులువైన మాటలు పెట్టేవారు కాదు.

డయల్‌టోన్
అసలు ఇది ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. మనం నంబరు కొడుతున్నంతసేపూ డయలర్ ఒక్కో అంకెను గమనిస్తూనే ఉంటుంది. *#*# తో మొదలై #*#* తో ముగిసే వరస కనబడగానే, మధ్యలో ఉన్న అంకెలను ఆండ్రాయిడ్ వ్యవస్థకు అందిస్తుంది. ఆ అంకెలు నావే అని ముందుగా నమోదు చేసుకున్న యాప్ ఏదైనా ఉంటే అది తెరుచుకుంటుంది, లేకపోతే ఏమీ జరగదు. కాల్ బటన్‌తో పనిలేకుండా చివరి గుర్తు పడీపడగానే మెనూ రావడానికి కారణం ఇదే. ఇందులో నెట్‌వర్క్ ప్రమేయం లేదు, సిమ్ లేకపోయినా పనిచేస్తుంది.

ఇవి వేరు, కాల్ బటన్ నొక్కితే గానీ పనిచేయని *#21#, *#62#, ##002# లాంటివి వేరు. రెండో రకం ఫోన్‌లో దాగినవి కావు. అవి నెట్‌వర్క్‌కు మనం పంపే ఆదేశాలు. తేడా తెలుసుకోవాలంటే ఫ్లైట్ మోడ్ పెట్టి కొట్టండి. అప్పుడూ పనిచేస్తే అది ఫోన్‌ది, పనిచేయకపోతే నెట్‌వర్క్‌ది.

నియమావళి
ఎక్కడా రాయలేదు అనే ఆరోపణే నాకు సరిగ్గా అనిపించడం లేదు. *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, చూపించాలన్నది అంతర్జాతీయ మొబైల్ ప్రమాణాల్లోనే ఉంది. డయల్‌టోన్ గారు చెప్పిన రహస్య కోడ్ల పద్ధతి గూగుల్ వారి డెవలపర్ పత్రాల్లో అందరికీ కనబడేలా ఉంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయన్నదీ వారే రాశారు. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచీ ఇదే పద్ధతి. రాసి ఉంది, మనం చదవలేదు, అంతే.

పాత_నోకియా_ప్రేమి
నియమావళి గారూ, డెవలపర్ పత్రాలు కొత్తపేట_కుర్రాడు గారి అమ్మగారు చదవాలంటారా? ఫోన్ కొన్నవాడికి ఇచ్చిన కాగితంలో లేనిది వాడి దృష్టిలో లేనట్టే. పైగా *#0*# గూగుల్ పెట్టినది కాదు, శాంసంగ్ సొంతంగా పెట్టుకున్నది.

చార్జర్_ఏదీ
ఆ కాగితంలో నేను చదివేది వారంటీ ఎన్నాళ్లన్నది ఒక్కటే. అది కూడా ఫోన్ పాడయ్యాకే.

కొత్తపేట_కుర్రాడు
డయల్‌టోన్ గారు చెప్పినదాన్నిబట్టి ఇంకొక సందేహం వచ్చింది. *#21# కొడితే మన ఫోన్‌ను ఎవరైనా వింటున్నారో లేదో తెలిసిపోతుందని మా ఫ్యామిలీ గ్రూపులో నెలకొకసారైనా ఒక ఫార్వర్డ్ వస్తుంది. అందులో నిజం ఎంత?

డయల్‌టోన్
ఎంతమాత్రం లేదు. *#21# మీకు వచ్చే కాల్స్ అన్నీ వేరే నంబరుకు మళ్లుతున్నాయా అన్నది మాత్రమే చెబుతుంది. *#62# మీరు అందుబాటులో లేనప్పుడు కాల్ ఎక్కడికి వెళుతుందో చెబుతుంది. చాలామందికి రెండో దానిలో తెలియని నంబరు ఒకటి కనబడి గుండె జారిపోతుంది, కానీ అది సాధారణంగా ఆపరేటర్ వాయిస్ మెయిల్‌దో, మిస్డ్ కాల్ అలర్ట్‌దో అయి ఉంటుంది. భయపడి ##002# కొట్టి అన్నీ రద్దు చేసుకుంటే, ఫోన్ ఆపి ఉన్నప్పుడు ఎవరు చేశారో తెలిపే మెసేజీలు కూడా ఆగిపోతాయి.

ప్రమాదం ఉన్నది మరోచోట. మోసగాళ్లు కొరియర్ వాళ్లమనో, టెలికాం ఆఫీసు నుంచనో ఫోన్ చేసి, *401* కొట్టి ఫలానా నంబరు నొక్కండి అని చెప్పేవారు. కొట్టిన మరుక్షణం నుంచి మన కాల్స్ వాళ్లకు వెళ్లేవి, కాల్ ద్వారా వచ్చే ఓటీపీలు కూడా. ఈ మోసాలు మితిమీరడంతో కేంద్ర టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి యూఎస్ఎస్‌డీ ద్వారా, అంటే ఇలా డయలర్‌లో కొట్టి నెట్‌వర్క్‌కు పంపే కోడ్లతో, జరిగే కాల్ ఫార్వార్డింగ్‌ను నిలిపివేయమని ఆపరేటర్లను ఆదేశించింది. ఫోన్‌లో ఏదో రహస్య సదుపాయం ఉందన్న ఆశే ఇలాంటి వాళ్లకు పెట్టుబడి. ఎవరో చెప్పగా మీరు కొట్టే ఏ కోడు అయినా అనుమానించాల్సిందే.

పాత_నోకియా_ప్రేమి
ఇలాంటి ఫార్వర్డులకు తాత ఒకటి ఉంది. బ్యాటరీ అయిపోతున్నప్పుడు *3370# కొడితే దాచిపెట్టిన సగం చార్జింగ్ బయటికి వస్తుందని ఈమెయిళ్లూ ఎస్సెమ్మెస్సులూ తిరిగేవి. నిజానికి ఆ కోడు పాత నోకియాల్లో మాట మరింత స్పష్టంగా వినిపించే పద్ధతిని ఆన్ చేసేది, దానివల్ల బ్యాటరీ ఇంకాస్త త్వరగా ఖర్చయ్యేది. ఉన్న చార్జింగ్‌ను కాపాడుకోవాలని కొట్టినవాళ్లందరూ ఉన్నది కూడా ఊడ్చేసుకున్నారన్నమాట.

పొలంగట్టు
నాకు నిజంగా అక్కరకొచ్చినది *#*#4636#*#*. మా ఊళ్లో ఇల్లు రెండు పెద్ద చింతచెట్ల వెనక ఉంటుంది, ఫోన్ మీద ఒకే ఒక్క గీత ఉన్నట్టు కనబడుతుంది గానీ కాల్ కలవదు. ఈ మెనూలో ఫోన్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే గీతల బదులు సిగ్నల్ బలం డీబీఎంలో అంకెగా కనబడుతుంది. అది మైనస్ సంఖ్య కనుక సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో మైనస్ 80 దగ్గర ఉంటే హాయిగా మాట్లాడుకోవచ్చు, మైనస్ 120 అంటే దాదాపు లేనట్టే. ప్రతి 3 అంకెల తేడాకు బలం సగమో, రెట్టింపో అవుతుంది కనుక చిన్న తేడా కూడా చిన్నది కాదు.

ఆ అంకెను చూసుకుంటూ ఇల్లంతా తిరిగాను. హాల్లో మైనస్ 117 ఉన్నది వంటింటి కిటికీ దగ్గర మైనస్ 104కు వచ్చింది. మేడ మీద ఇంకా బాగుంటుందనుకుంటే, చెట్ల కొమ్మలకు ఎదురుగా ఉండటం వల్ల కాబోలు, అక్కడ 111. ఇప్పుడు మా నాన్నగారి ఫోన్‌కు వంటింటి గూడే స్థానం. ఐఫోన్ ఉన్నవాళ్లు *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ పేజీలో ఇదే వివరం దొరుకుతుంది.

సర్వీస్_మాజీ
పొలంగట్టు గారు చెప్పిన పేజీలోనే ఎంచుకోవలసిన నెట్‌వర్క్ రకం అనే జాబితా ఉంటుంది. అందులో ఎల్టీఈ ఓన్లీ పెడితే ఇంటర్నెట్ వేగం పెరుగుతుందని యూట్యూబ్‌లో చెబుతుంటారు. ఫోన్ 4జీని వదిలి కిందికి జారకుండా ఉంటుందన్నది నిజమే, కానీ ఆ సిమ్‌కో, ఆ ఫోన్‌కో వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే సదుపాయం) లేకపోతే కాల్స్ మోయడానికి 2జీ, 3జీ తలుపులు కూడా మూసేసినట్టవుతుంది. ఇన్‌కమింగ్ రావడం లేదని ఫోన్ పట్టుకొచ్చిన ఒక పెద్దాయనకు మా సెంటర్‌లో చేసిన రిపేరు మొత్తం ఆ జాబితాలో ఒక్క మార్పు. ఆ సెట్టింగ్ పెట్టినది ఆయన మనవడు.

తాళంకప్ప
ఫోన్‌కు ఏమైనా అవుతుందా అన్న మొదటి ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదు. 2012 సెప్టెంబరులో బ్యూనస్ ఐరిస్‌లో జరిగిన ఎకోపార్టీ సదస్సులో రవిశంకర్ బోర్గావ్‌కర్ అనే భద్రతా పరిశోధకుడు ఒక ప్రయోగం చేసి చూపించారు. అప్పటి కొన్ని శాంసంగ్ ఫోన్లలో ఫోన్‌లోని సమాచారమంతా తుడిచేసి ఫ్యాక్టరీ స్థితికి తెచ్చే సర్వీస్ కోడ్ ఒకటి ఉండేది, అది నిర్ధారణ కోసం ఏమీ అడిగేది కాదు. వెబ్ పేజీలో ఫోన్ నంబరు లింకు పెట్టినట్టే ఆ కోడును లింకుగా పెడితే, పేజీ తెరవగానే డయలర్ దాన్ని అందుకుని తనంతట తానే అమలు చేసేది. తర్వాత అప్‌డేట్లతో ఆ దారి మూసేశారు. కోడు తెలిసినా ఇక్కడ రాయను, పాత ఫోన్ల మీద ఎవరైనా సరదాకు ప్రయత్నించే ప్రమాదం ఉంది.

రెండో సంగతి 2017 నవంబరులో బయటపడింది. వన్‌ప్లస్ ఫోన్లలో ఇంజినీర్‌మోడ్ అనే ఫ్యాక్టరీ పరీక్షల యాప్ మిగిలిపోయి ఉందని, ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి సరైన పాస్‌వర్డ్ ఇస్తే అది రూట్ అధికారం (ఫోన్ మీద పూర్తి పెత్తనం) ఇచ్చేస్తోందని ఒక పరిశోధకుడు కనిపెట్టాడు. కంపెనీ అప్‌డేట్‌లో దాన్ని తొలగించింది. కాబట్టి పరీక్షల మెనూలు వదిలేయడం నిరపాయమైన అలవాటే అన్న ధోరణిలో సర్వీస్_మాజీ గారు రాసినదానితో నేను ఏకీభవించను. సర్వీసు సెంటర్‌కు కావాలంటే సర్వీసు సెంటర్ దగ్గరే పెట్టుకోవాలి.

సర్వీస్_మాజీ
అప్పుడు వీధి చివర రిపేరు షాపులన్నీ మూసుకోవాలి, ప్రతి చిన్నదానికీ కంపెనీ సెంటర్ ముందు టోకెన్ తీసుకుని కూర్చోవాలి. తెర మీద రంగులు చూపించే పరీక్ష వేరు, రూట్ అధికారం ఇచ్చే యాప్ వేరు. మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయమనండి, నేనూ సంతకం పెడతాను.

బీచ్‌రోడ్డు
కోడ్ల సంగతి సరే, చిప్‌లో ఉండి కూడా మనకు ఇవ్వని సదుపాయాల మాట ఏమిటి? వైఫై, బ్లూటూత్ ఇచ్చే చాలా చిప్‌లలోనే ఎఫ్ఎం రిసీవర్ కూడా ఉంటుంది. ఇయర్‌ఫోన్ వైరే దానికి యాంటెన్నా. కొన్ని కంపెనీలు దాన్ని కలపకుండానో, సాఫ్ట్‌వేర్‌లో ఆపేసో అమ్ముతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, సెల్ టవర్లు రెండూ పోయాయి. మా వీధిలో బయటి కబురు తెలిసినది ఒక కీప్యాడ్ ఫోన్‌లోని రేడియో నుంచి. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ ఎఫ్ఎం సదుపాయం ఉన్న ఫోన్లలో దాన్ని ఆపేయవద్దని తయారీదారులకు సూచన జారీ చేసింది, విపత్తుల సమయంలో అవసరమని కారణం కూడా చెప్పింది. దాచినవాటిలో నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే.

నియమావళి
అన్ని ఫోన్లలోనూ చిప్ ఉందని అనుకోకూడదు. 2017లో అమెరికాలో ఇదే వివాదం వచ్చినప్పుడు, ఐఫోన్ 7, 8లలో ఎఫ్ఎం చిప్ గానీ, యాంటెన్నా గానీ లేవని ఆపిల్ ప్రకటించింది. లేనిదాన్ని ఏ అప్‌డేటూ ఇవ్వలేదు.

అల్లుడుగారు
మా మామగారి కీప్యాడ్ ఫోన్ చొక్కా జేబులో ఉండగానే పోలీసు కంట్రోల్ రూమ్ నుంచి, మీకేమైనా ఆపదా అని తిరిగి ఫోన్ వచ్చింది. ఇంటిల్లిపాదీ కంగారుపడ్డాం. తర్వాత తెలిసిందేమిటంటే, 2016 నాటి పానిక్ బటన్ నియమాల ప్రకారం మన దేశంలో అమ్మే కీప్యాడ్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే అత్యవసర నంబరుకు కాల్ వెళ్లాలి. ఇది గెజెట్‌లో అచ్చయిన సదుపాయం, అయినా మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మామగారు మాత్రం ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ ఆ 5 నంబరు చూపించి, పోలీసులతో మాట్లాడానని చెబుతున్నారు.

లెక్కలమాస్టారు
చేతిలో పట్టే పరికరాలంటే ఫోన్లేనా? ఇంజినీరింగ్ పరీక్ష హాళ్లలో తిరిగే క్యాసియో ఎఫ్‌ఎక్స్ 991 ఈఎస్‌లో షిఫ్ట్, 7 కలిపి నొక్కి పట్టుకుని ఆన్ నొక్కితే స్వీయ పరీక్ష మొదలవుతుంది. తెర పరీక్షలు అయ్యాక మీటలన్నీ వరసగా నొక్కమంటుంది, ఒక్కో మీటకూ తెర మీద అంకె ఒకటి పెరుగుతుంది. నకిలీ క్యాలిక్యులేటర్ అన్న అనుమానం వస్తే మా విద్యార్థులు ముందుగా చూసేది దీన్నే.

చార్జర్_ఏదీ
2010 నాటి కీబోర్డు ఉన్న కిండిల్‌లో ఆల్ట్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కితే మైన్‌స్వీపర్ వచ్చేది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్‌లో అబౌట్ పేజీలో మధ్య బటన్ నొక్కి పట్టుకుంటే ఇటుకలు పగలగొట్టే ఆట వచ్చేది, తర్వాతి రోజుల్లో దాన్ని మామూలు ఆటల మెనూలోనే పెట్టేశారు. ఆటలు దాచినవాళ్లను నేను క్షమిస్తాను.

పొలంగట్టు
టీవీ రిమోట్ పనిచేస్తోందో లేదో ఫోన్ ముందు కెమెరాతో చూడటం కూడా ఈ కోవలోదే కదా? రిమోట్ కొనను కెమెరాకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే ఊదారంగు మెరుపు కనబడుతుంది.

నియమావళి
అది సదుపాయం కాదు. కెమెరా సెన్సర్‌కు మన కంటికి కనబడని పరారుణ కాంతి కూడా అందుతుంది. వెనక కెమెరాల్లో దాన్ని అడ్డుకునే ఫిల్టర్ సాధారణంగా గట్టిగా ఉంటుంది కనుక అక్కడ అంతగా కనబడదు. ఎవరూ కావాలని పెట్టినది కాదు.

పొలంగట్టు
కావాలని పెట్టకపోయినా నా రిమోట్‌లో సెల్స్ అయిపోయాయని తేల్చింది. పేరు మీరే పెట్టండి.

కొత్తపేట_కుర్రాడు
ఫోన్ ఇంకా కొనలేదు, అడ్వాన్సు మాత్రమే ఇచ్చాను. రేపు మళ్లీ వెళుతున్నాను. టచ్ గళ్లన్నీ నేనే పూర్తి చేయిస్తాను. ఇంకేం చూడాలి? ఒకవేళ ఆ ఫోన్ వద్దనుకుని షావోమీ తీసుకుంటే ఈ కోడు పనిచేస్తుందా?

సర్వీస్_మాజీ
షావోమీలో *#*#6484#*#*, పరీక్షలు దాదాపు ఇవే. ఏ ఫోన్ అయినా సరే, రంగులు చూసేటప్పుడు బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచండి, షాపు లైట్ల కింద కాకుండా కాస్త చీకటి మూలకు తీసుకెళ్లండి. రిసీవర్, స్పీకర్ రెండూ విడివిడిగా వినండి. ఆ తర్వాత *#06# కొట్టి వచ్చిన 15 అంకెలు పెట్టె మీద, బిల్లు మీద ఉన్నవాటితో సరిపోయాయో లేదో చూడండి.

తాళంకప్ప
పెట్టె మీద అంకెలు సరిపోయినంత మాత్రాన సరిపోదు. కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, ఆ 15 అంకెలు టైపు చేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి, లేదా టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూడండి. ఫోన్ పోయిందని ఎవరైనా బ్లాక్ చేయించి ఉంటే అక్కడ తెలిసిపోతుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఐఎంఈఐలు రెండుంటాయి, రెండింటికీ విడివిడిగా పంపండి. మిగతా డబ్బు జవాబు వచ్చాకే ఇవ్వండి.